కొండవాగు ట్రౌట్‌కి ఏ రాడ్? త్రీ వెయిటా, ఫైవ్ వెయిటా?

ప్రశ్న: అన్నయ్యా, నమస్తే. మాది పాలకొల్లు. ఆరేళ్ళుగా డెన్వర్ పక్కన అరోరాలో ఉంటున్నాం. చిన్నప్పుడు కాలవ గట్టు మీద కూర్చుని వెదురు కర్రకి దారం కట్టి, గాలానికి ఎర్ర గుచ్చి చేపలు పట్టినవాణ్ణే, ఇక్కడికొచ్చాక ఎప్పుడూ ప్రయత్నించలేదు. కిందటి ఆగస్టులో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో హైకింగ్‌కి వెళ్తే ఒక పెద్దాయన మోకాలు లోతు వాగులో నిలబడి, చిన్న రాడ్‌తో పావుగంటలో మూడు ట్రౌట్‌లు పట్టి వదిలేశాడు. చొక్కా జేబులో ఒక డబ్బా తప్ప ఆయన దగ్గర ఇంకేం లేదు. అప్పట్నుంచి అదే ధ్యాస. షాపుకి వెళ్తే తొమ్మిదడుగుల ఫైవ్ వెయిట్ తీసుకోమన్నారు. ఆఫీసులో ఒకతను త్రీ వెయిట్ అంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే తెంకారా అంటున్నారు. బడ్జెట్ 400 డాలర్లు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి కూడా వస్తానంటోంది. గ్యారేజీలో ఇప్పటికే గిటారు, టెలిస్కోపు, రెండు బ్యాడ్మింటన్ కిట్లు పడున్నాయని మా ఆవిడ రోజూ గుర్తు చేస్తోంది. తేలిగ్గా, మోసుకెళ్ళడానికి వీలుగా ఏం కొనాలో చెప్పండి. ఇండియా వెళ్ళినప్పుడు కూడా పనికొస్తే ఇంకా మంచిది.

సమాధానం: తమ్ముడూ, ముందుగా ఆ షాపతను నీకు తప్పేం చెప్పలేదు. కొలరాడోలో ఒకే ఒక్క రాడ్ కొంటానంటే ఎవరైనా తొమ్మిదడుగుల ఫైవ్ వెయిటే చూపిస్తారు. సౌత్ ప్లాట్ లాంటి నదికీ, ఎదురుగాలికీ, బరువైన ఫ్లైలకీ (కొక్కేనికి కట్టిన ఉత్తుత్తి పురుగులకీ) అన్నిటికీ అదే ఏదో ఒకలా సర్దుకుపోతుంది. కానీ నీ కళ్ళ ముందు ఆడుతున్నది సౌత్ ప్లాట్ కాదు కదా, ఆ పెద్దాయనా ఆ మోకాలు లోతు వాగూ. దానికైతే ఏడున్నర అడుగుల త్రీ వెయిట్ కొనుక్కో, నీ ఆఫీసు స్నేహితుడి మాటే నా మాట కూడా. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, అది అర్థమైతే షాపులో కనిపించే సామానులో సగం నీకు అక్కర్లేదని నీకే తెలిసిపోతుంది.

పాలకొల్లు కాలవలో గాలం ఎలా వేసేవాడివి? దారానికి చిన్న సీసం గుండు, పైన బెండు, కింద ఎర్ర. విసిరితే సీసం ముందుకి పోతుంది, దారం దాని వెనకాల పోతుంది. ఆ పెద్దాయన చేసింది ఫ్లై ఫిషింగ్, ఇందులో సీసం ఉండదు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగుకి బరువెక్కడిది, చేత్తో విసిరితే నీ కాళ్ళ దగ్గరే పడుతుంది. అందుకని ఇక్కడ బరువంతా దారంలోనే పెట్టారు. ఫ్లై లైన్ అంటే ప్లాస్టిక్ పూత పూసిన కాస్త లావుపాటి తాడు. దాన్ని వెనక్కీ ముందుకీ ఆడిస్తుంటే ఆ బరువుకి రాడ్ వంగుతుంది, వంగిన రాడ్ మళ్ళీ నిటారుగా లేచేటప్పుడు లైన్‌ని విసురుతుంది, పురుగు ఊరికే దాని తోక పట్టుకుని వెళ్తుంది. రాడ్ మీద రాసి ఉండే అంకె ఈ లైన్ బరువుకి సంబంధించింది, రాడ్ బరువుకి కాదు (నేను మొదటి ఏడాదంతా రాడ్ బరువే అనుకున్నాను, అడగడానికి సిగ్గుపడి). లైన్ మొదటి 30 అడుగులు తూచి అంకె వేస్తారు. త్రీ వెయిట్ అంటే 100 గ్రెయిన్లు, మన లెక్కలో ఆరున్నర గ్రాములు. ఫైవ్ వెయిట్ 140 గ్రెయిన్లు, తొమ్మిది గ్రాములు.

ఇప్పుడు ఆ వాగుని గుర్తు తెచ్చుకో. అడ్డంగా ఎంత ఉంటుంది, పది పన్నెండు అడుగులా? నువ్వు విసిరేది మహా అయితే ఇరవై అడుగులు, అందులో చివరి ఏడెనిమిది అడుగులు లీడరే, అంటే లైన్ కొసకి కట్టే సన్నటి దారం. అంటే రాడ్ కొస దాటి బయటికొచ్చే అసలు లైన్ పది పన్నెండు అడుగులు మించదు. ఆ కాస్త బరువుకి తొమ్మిదడుగుల ఫైవ్ వెయిట్ రాడ్ వంగనే వంగదు. వంగని రాడ్‌తో వెయ్యడమంటే బూజుకర్రతో వేసినట్టే, చెయ్యి నొప్పి తప్ప లైన్ ముందుకి పోదు, పోయినా నీళ్ళ మీద దబ్బున పడి చేపలన్నీ రాళ్ళ కిందకి దూరిపోతాయి. త్రీ వెయిట్ రాడ్ మెత్తగా ఉంటుంది, కొంచెం లైన్‌కే వంగుతుంది. పైగా అక్కడ వాగు రెండు వైపులా విల్లో పొదలు, పైన ఫర్ చెట్ల కొమ్మలు, తొమ్మిదడుగుల కర్ర వెనక్కి ఎత్తావంటే ఫ్లై ఎక్కడో కొమ్మకి వేలాడుతుంటుంది. ఆ ఎత్తులో పడే చేప కూడా ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు. 9,000 అడుగుల పైన వేసవి రెండు నెలలే, చేపకి ఎదగడానికి టైమేదీ? ఆ చిన్న చేప త్రీ వెయిట్ మీద పడితే మోచేయి దాకా తెలుస్తుంది. ఫైవ్ వెయిట్ మీద పడితే ఆకేదో తగులుకుందనుకుంటావ్.

త్రీ వెయిట్‌లో కూడా 'ఫాస్ట్ యాక్షన్' (గట్టిగా ఉండి కొస మాత్రమే వంగేది) అని రాసి ఉన్నది వద్దు. షాపుల్లో వాటినే గొప్పగా చెప్తారు, దూరం పోతాయని. నువ్వు దూరం వెయ్యవు. మీడియం గానీ స్లో గానీ తీసుకో. రెడింగ్టన్ వాళ్ళ క్లాసిక్ ట్రౌట్ ఇలాంటి మెత్తటి రకమే, ధర కూడా నీ బడ్జెట్‌లోకి వస్తుంది. ఫైబర్‌గ్లాస్ రాడ్ దొరికితే ఇంకా మంచిదంటాను నేను. గ్రాఫైట్ కన్నా కొన్ని గ్రాములు బరువుంటుంది, పాతకాలం సరుకని కొందరు నవ్వుతారు కూడా, అయినా పదడుగుల లైన్‌తో అంత తియ్యగా వంగేది ఇంకోటి లేదు. కొత్తగా నేర్చుకునేవాడికి రాడ్ వంగడం చేతికి తెలియాలి, అప్పుడే ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో అర్థమవుతుంది.

తేలిక అన్నావు కాబట్టి గ్రాముల సంగతి కూడా చూద్దాం. ఏడున్నర అడుగుల త్రీ వెయిట్ రాడ్ 70 గ్రాములు అటూ ఇటూ. చిన్న రీల్ 100 గ్రాములు. రెండూ కలిపినా ఒక ఫోన్ బరువు కంటే ఎక్కువ కాదు. ఇందులో ఓ 15 గ్రాములు తగ్గించడానికి అయిదారు వందల డాలర్లు ఎక్కువ పెట్టేవాళ్ళని చూశాను, వాళ్ళే రెండు కిలోల పైన వేడర్లూ (నీళ్ళు దూరని పొడవాటి ప్యాంట్లు) బూట్లూ వీపు మీద వేసుకుని నాలుగు మైళ్ళు ఎక్కుతారు! నిజంగా బరువు తగ్గేది అక్కడే. జూలై, ఆగస్టుల్లో ఆ వాగులకి వేడర్లు అక్కర్లేదు. త్వరగా ఆరిపోయే ప్యాంటు, నియోప్రీన్ సాక్సు, పాత హైకింగ్ షూ వేసుకుని నీళ్ళలోకి దిగిపో. మంచు కరిగిన నీళ్ళు కాబట్టి మొదటి అయిదు నిమిషాలు ప్రాణం పోతుంది, తర్వాత అలవాటవుతుంది. అసలు చాలా చోట్ల దిగక్కర్లేదు, గట్టు మీంచి వంగుని వేస్తేనే చేప బెదరదు. వెళ్ళొచ్చాక షూ మట్టి కడిగి బాగా ఆరబెట్టు. బౌల్డర్ క్రీక్‌లో 2004లోనే న్యూజిలాండ్ నత్తలు బయటపడ్డాయి, ఆవగింజంత ఉంటాయి, షూకి అంటుకుని ఒక వాగు నుంచి ఇంకో వాగుకి పోతాయి. అడుగున ఫెల్ట్ ఉన్న బూట్లు కొనకు, ఎంత జారకపోయినా సరే. అవి త్వరగా ఆరవు, అందుకే యెల్లోస్టోన్‌లో 2018 నుంచి వాటిని రానివ్వడం లేదు.

రీల్ దగ్గర మాత్రం నా మాట విను, ఎందుకంటే ఇక్కడ నేను బాగా డబ్బు తగలేశాను. మొదటి కిట్ కొన్నప్పుడు రాడ్ కంటే రీల్‌కే ఎక్కువ పెట్టాను, సీల్డ్ డ్రాగ్ (చేప లాగితే లైన్ జారిపోకుండా పట్టే బ్రేకు) ఉన్నది, మెరుస్తూ ఉండేది, తిప్పితే ఎంతో హాయిగా శబ్దం చేసేది. పన్నెండేళ్ళయింది, కొండవాగులో ఒక్క చేప కూడా ఆ డ్రాగ్‌ని తిప్పలేదు. ఎనిమిది అంగుళాల చేపని ఎవరూ రీల్‌తో లాగరు, ఎడమ చేత్తో లైన్ లాక్కుంటే వచ్చేస్తుంది. ఈ చేపలకి రీల్ అంటే మన మగ్గం కండె లాంటిదే, దారం చుట్టుకోవడానికి ఒక చోటు. క్లిక్-పాల్ అని ఉన్న చిన్న రీల్ 50 డాలర్లది చాలు. కాకపోతే మరీ బరువైనది, మరీ పెద్దది కొనకు, రాడ్ చివర రాయి కట్టినట్టు ఉంటుంది.

రీల్‌లో మిగిల్చింది లైన్‌లో పెట్టు. ఇది తిరగేసి చేసేవాళ్ళే ఎక్కువ. రాడ్‌తో కలిపి అమ్మే కిట్లలో లైన్ చాలాసార్లు నాసిరకంగా ఉంటుంది, రెండు నెలలకే చుట్టలు చుట్టుకుని స్ప్రింగులా వస్తుంది. నీళ్ళ మీద తేలే ఫ్లోటింగ్ లైన్ ఒక్కటే కొను. వెయిట్ ఫార్వర్డ్, డబుల్ టేపర్ అని రెండు పేర్లు చెప్పి షాపులో తికమక పెడతారు. ఇరవై అడుగులకి రెండిటికీ తేడా నీకు తెలియదు. డబుల్ టేపర్‌లో ఒక సుఖం ఉంది, ఒక చివర అరిగిపోయాక తిప్పి చుట్టుకుంటే రెండో చివర కొత్త లైన్. ఇంకో చిట్కా, రాడ్ కాస్త గట్టిగా అనిపిస్తే త్రీ వెయిట్ రాడ్‌కి ఫోర్ వెయిట్ లైన్ వేసి చూడు, దగ్గరి దూరాలకి ఆ ఒక్క అంకెతో రాడ్‌కి ప్రాణం వస్తుంది. రాడ్ ఏమీ విరగదు.

లైన్ చివర లీడర్, ఏడున్నర అడుగులది, 5ఎక్స్. దాని చివర అరిగినప్పుడల్లా అతికించుకునే సన్న దారం టిప్పెట్, అది కూడా 5ఎక్స్ చుట్ట ఒకటి. ఈ ఎక్స్ లెక్క చాలా తేలిక. 11లోంచి ఆ అంకె తీసేస్తే దారం మందం అంగుళంలో వెయ్యింట ఎన్ని వంతులో వస్తుంది. 5ఎక్స్ అంటే వెయ్యింట ఆరు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. కొత్తవాళ్ళు చేపకి కనిపించకూడదని 7ఎక్స్ దాకా వెళ్ళిపోతారు. వద్దు. కొండవాగు చేపకి దారం చూసుకుని ఆలోచించే తీరికుండదు, పురుగు ముందు నుంచి కొట్టుకుపోతుంటే అర సెకనులో నిర్ణయించుకోవాలి. మరీ సన్నదారంతో నువ్వు భయపడుతూ మెల్లగా ఆడిస్తావు, ఆ లోపు చేప అలిసిపోతుంది, వదిలాక బతకదు. ముడి వేసేటప్పుడు ఉమ్మితో తడిపి బిగించు. పొడిగా లాగితే ఆ రాపిడికే దారం బలం సగం పోతుంది.

ఫ్లైల విషయంలో షాపులో గోడ నిండా అరలు చూసి కంగారు పడకు. పదిహేను ఫ్లైలు చాలు. ప్యారషూట్ ఆడమ్స్ 14, 16 సైజుల్లో (సైజు అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది). ఆడమ్స్ అనేది 1922లో మిషిగన్‌లో పుట్టింది, నూరేళ్ళు దాటినా చేపలకి ఇంకా విసుగు పుట్టలేదు. ప్యారషూట్ రకానికి నెత్తిన తెల్ల కుచ్చు ఉంటుంది, నురగలో కూడా నీకు కనిపిస్తుంది. తర్వాత ఎల్క్ హెయిర్ క్యాడిస్, దుప్పి జాతి ఎల్క్ వెంట్రుకలతో చేసింది, సుళ్ళలో కూడా మునగదు. నీళ్ళ కింద పోవడానికి ఫెజంట్ టెయిల్ నింఫ్ నాలుగు. ఆగస్టుకి నల్ల చీమ రెండు, పేడపురుగులా ఉండే బీటిల్ రెండు. అంతే. ప్రతి దానికీ కొక్కెం మొన కింద వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ఫోర్‌సెప్స్‌తో (చిన్న పటకారుతో) నొక్కేసెయ్. చేపకీ మంచిది, నీ చెవికి గుచ్చుకున్న రోజున నీకూ మంచిది. గుచ్చుకుంటుంది, అందరికీ గుచ్చుకుంది.

లెక్క చూస్తే రాడ్‌కి 170, రీల్‌కి 50, లైన్‌కి 55, లీడర్లూ టిప్పెట్టూ కలిపి 25, ఫ్లైలు 40, ఫోర్‌సెప్స్, ఫ్లై తడవకుండా రాసే జెల్, చిన్న డబ్బా కలిపి 20. మొత్తం 360. మిగిలిన 40లో పోలరైజ్డ్ కళ్ళద్దాలు కొనుక్కో. ఇవి సోకు కోసం అనుకోకు, నీళ్ళ మెరుపు పోయి అడుగున రాళ్ళ మధ్య చేప కనిపిస్తుంది, ఇంకా ముఖ్యంగా వెనక నుంచి దూసుకొచ్చే కొక్కెం కంట్లో పడదు. నీకూ అమ్మాయికీ ఇద్దరికీ. దారం కత్తిరించడానికి ఇంట్లో గోళ్ళు కత్తిరించే నెయిల్ కట్టర్ చాలు, దాన్నే నిప్పర్స్ పేరు పెట్టి పాతిక డాలర్లకి అమ్ముతారు. జేబుల కోటు (వెస్ట్) వద్దు. పదహారు జేబులుంటే పదహారూ నింపుతాం, అది మన నైజం. చొక్కా జేబు, హైకింగ్ బ్యాగు చాలు. వల కూడా ఇప్పుడే వద్దు, ఆ సైజు చేపని చెయ్యి తడుపుకుని నీళ్ళలోనే పట్టుకుని వదిలెయ్యొచ్చు. పొడి చేత్తో మాత్రం పట్టుకోకు, ఒంటి మీది జిగురు పొర పోతుంది.

ఇక తెంకారా. యూట్యూబ్‌లో అది జపాన్ రహస్య విద్య అన్నట్టు చెప్తారు గానీ, చూడగానే నువ్వు నవ్వుతావు. రీల్ లేదు, రింగుల్లోంచి పోయే లైన్ లేదు, పన్నెండడుగుల పొడవాటి కర్ర కొసకి దారం కట్టి, దాని చివర ఫ్లై. మన వెదురు గాలమే, ఎర్ర ఒకటి తక్కువ! జపాన్ కొండవాగుల్లో యమామే, ఇవానా అనే చేపల్ని తరతరాలుగా ఇలాగే పడుతున్నారు, అక్కడా ముందు వెదురే. ఇప్పటి కర్రలు గొట్టంలో గొట్టం దూరి రెండడుగుల్లోపుకి ముడుచుకుంటాయి, బ్యాగు పక్క జేబులో పడి ఉంటాయి. తేలిక ఒక్కటే కావాలంటే దీన్ని మించింది లేదు, నేర్చుకోవడానికి అరగంట చాలు. మరి నీకెందుకు చెప్పలేదంటే, పొదలు మూసుకున్న చోట పన్నెండడుగుల కర్ర ఎత్తలేవు, చెరువు మధ్యలో ఎగిరే చేపని అందుకోలేవు. పైగా లైన్ విసరడం నేర్చుకోవాలనే కోరికే కదా నీకు అసలు పుట్టింది. కానీ అమ్మాయికి మాత్రం కళ్ళు మూసుకుని తెంకారాయే కొను. తొమ్మిదేళ్ళ పిల్ల లైన్ చిక్కులు విప్పుకుంటూ కూర్చుంటే రెండోసారి రాదు. తెంకారాతో మొదటి రోజే చేప పడే అవకాశం ఉంది. వంద డాలర్ల లోపు దొరుకుతుంది, అది నీ 400 బయట, మీ ఆవిడతో ఎలా మాట్లాడుకుంటావో నీ ఇష్టం. మొరైన్ పార్కులో బిగ్ థాంప్సన్ నది గడ్డి మైదానంలో మెలికలు తిరుగుతూ పోతుంది చూడు, పొదలు తక్కువ, పిల్లతో మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు. నీకు కాస్త అలవాటయ్యాక వైల్డ్ బేసిన్ వైపు నార్త్ సెయింట్ వ్రేన్ మీదకి వెళ్ళు.

కొన్న వెంటనే వాగుకి పరిగెత్తకు. మే మధ్య నుంచి జూన్ ఆఖరి దాకా కొండ మంచంతా కరిగి వాగులు బురదగా పొంగుతాయి, చేపా కనిపించదు, కాలు పెడితే నువ్వూ కనిపించవు. ఈలోగా ఇంటి దగ్గర పార్కులో గడ్డి మీద, ఫ్లై బదులు చిన్న ఊలు ముక్క కట్టి రోజూ పావుగంట విసురు. రోడ్డు మీద, సిమెంటు మీద చెయ్యకు, లైన్ పూత గీసుకుపోతుంది. వెనక్కి ఎత్తినప్పుడు మణికట్టు వంచకుండా ఆపడం, లైన్ వెనకాల సాగేదాకా ఒక్క క్షణం ఆగడం, ఈ రెండూ వస్తే చాలు. జూలై రెండో వారానికి వాగు తేటపడుతుంది, నీ చెయ్యీ తేటపడుతుంది.

నీ ఉత్తరంలో లైసెన్సు మాట లేదు కాబట్టి చెప్తున్నాను. పార్కు లోపలైనా కొలరాడో రాష్ట్రం లైసెన్సు ఉండాలి, దాంతోపాటు హ్యాబిటాట్ స్టాంపు. మార్చి 1న మొదలై మరుసటి ఏడు మార్చి 31 దాకా చెల్లుతుంది, కాబట్టి ఎంత త్వరగా కొంటే అంత లాభం. పదహారేళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు. పార్కులో నువ్వు ఎర్రలు వాడకూడదు, కృత్రిమమైన ఫ్లైలూ లూర్లే. బేర్ లేక్‌లో అసలు పట్టకూడదు, బోర్డు చూడకుండా అక్కడ రాడ్ తీసి నిలబడ్డ మనవాళ్ళని ఒకరిద్దరిని నేనే లేపి పంపాను. పార్కు బయటికొస్తే ఇంకో చిక్కు, కొలరాడోలో వాగు ప్రైవేటు పొలంలోంచి పోతుంటే ఆ అడుగు నేల కూడా ఆ యజమానిదే. నీళ్ళే కదా అని దిగావంటే కేసు.

ఏ చేప పడిందో గుర్తుపట్టడం కూడా నేర్చుకో. ఎక్కువగా పడేది బ్రూక్ ట్రౌట్, వీపు మీద మెలికల గీతలు, రెక్కల అంచున తెల్ల చార. అది తూర్పు రాష్ట్రాల నుంచి తెచ్చి వదిలింది. బ్రౌన్ యూరప్‌ది, రెయిన్‌బో పసిఫిక్ తీరానిది. అందరూ మనలాగే వలసొచ్చినవాళ్ళు. అసలు స్థానికుడు కట్‌త్రోట్ ఒక్కడే, దవడ కింద కత్తితో గీసినట్టు ఎర్రటి గీత ఉంటుంది. అందులో గ్రీన్‌బ్యాక్ అనే రకం 1994 నుంచి కొలరాడో రాష్ట్ర చేప. దాని కథ ఒక నవలంత ఉంది. 1937లో అంతరించిందనుకున్నారు, తర్వాత దొరికిందని దశాబ్దాల పాటు పెంచి వాగుల్లో వదిలారు, తీరా 2012లో జన్యు పరీక్ష చేస్తే అసలు సిసలు గ్రీన్‌బ్యాక్ మిగిలింది కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర బేర్ క్రీక్ అనే ఒక్క చిన్న వాగులోనే అని తేలింది. ఎర్ర గీత కనిపిస్తే ఇంకేం ఆలోచించకు, నీళ్ళలోంచి పైకి కూడా తియ్యకుండా వదిలెయ్. బ్రూక్ ట్రౌట్‌కి ఆ మొహమాటం లేదు, అది స్థానిక చేప చోటు ఆక్రమించింది కాబట్టి రాష్ట్రం వాళ్ళే ఎనిమిది అంగుళాల లోపువి మామూలు లెక్క మీద అదనంగా పది దాకా పట్టుకోనిస్తారు. పార్కు లోపల లెక్క వేరు, బుక్‌లెట్ చూసుకో. పసుపూ కారం పట్టించి పెనం మీద వేయిస్తే బొమ్మిడాయిల వేపుడు గుర్తొస్తుందని మా ఆవిడ అంటుంది, నాకైతే అంత పోలిక కనపడదు.

భయపెట్టడానికి కాదు గానీ, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కిందకి దిగిపోవాలి. జూలై, ఆగస్టుల్లో ఆ కొండల మీద రోజూ ఉరుములే, నీ చేతిలో ఉన్న గ్రాఫైట్ కర్ర కరెంటుని బాగా లాగుతుంది. మొదటి ఉరుము వినపడగానే రాడ్ విడదీసి సంచీలో పెట్టెయ్, ఇంకొక్క చేప అనుకోకు. ఇంకో సంగతి, కిందనున్న బౌల్డర్ క్రీక్, క్లియర్ క్రీక్ లాంటి చోట్లకి ఎండాకాలం సాయంత్రం వెళ్తే నీళ్ళు 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కి చేరితే ఆపెయ్యాలి. నీళ్ళు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది, వదిలిన చేప నీ ఎదుట ఈదుకుంటూ వెళ్ళి నువ్వు కారెక్కాక చచ్చిపోతుంది.

రాడ్లు చేప లాగితే విరగవు, కారు తలుపులో విరుగుతాయి. నా మొదటి రాడ్ కొస మా వ్యాన్ డిక్కీ తలుపు కింద నలిగింది, రెండోది సీలింగ్ ఫ్యాన్‌కి తగిలింది, ఇంట్లో స్నేహితులకి విసిరి చూపించబోయి. కాబట్టి విప్పగానే గొట్టంలో పెట్టడం అలవాటు చేసుకో, వారంటీ ఉన్న బ్రాండే కొను, రసీదు దాచుకో.

ఇండియా సంగతి చివర పెట్టాను. ఏడున్నర అడుగుల రాడ్ నాలుగు ముక్కలైతే ఒక్కోటి 22 అంగుళాల చిల్లర, గొట్టంతో సహా సూట్‌కేసులో మూలగా పడుతుంది, కొక్కేలు మాత్రం చేతి బ్యాగులో పెట్టుకోకుండా చెక్-ఇన్‌లో వెయ్యి. ట్రౌట్ అంటే హిమాచల్ వెళ్ళాలి, తీర్థన్ లోయలో బ్రౌన్, రెయిన్‌బో రెండూ ఉన్నాయి, బ్రిటిష్‌వాళ్ళు తెచ్చి వదిలిన చేపల సంతానం. అక్కడి మత్స్యశాఖ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. పెద్ద నది మీద త్రీ వెయిట్ కాస్త తక్కువే అనిపిస్తుంది గానీ, పక్కనుంచి వచ్చి కలిసే చిన్న వాగుల మీద సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా ఎక్కడంటే, మనం సెలవు పెట్టి వెళ్ళేది డిసెంబర్‌లో, ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని అక్కడ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పట్టనివ్వరు. ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో టికెట్ తీసుకోగలిగితే రాడ్ పట్టుకెళ్ళు. డిసెంబర్ టికెట్టే అయితే రాడ్ గ్యారేజీలోనే ఉంచి, అమ్మాయిని మీ కాలవ గట్టు మీదకి తీసుకెళ్ళు, వెదురు కర్ర అక్కడ దొరుకుతుంది, ఎర్రలు ఎక్కడ తవ్వాలో నీకు తెలుసు.